21 అంకెల సంఖ్య, 259 ఏళ్ల కథ

ఈరోజు మన చరిత్రలో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒకే ఒక్క సంఖ్య ఉంది.

14,75,73,95,25,89,67,64,12,927.

మొత్తం 21 అంకెలు. 67 రెళ్లని వరసగా గుణించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తే ఇది వస్తుంది. దీన్ని ఏ కోవలో వెయ్యాలి? ప్రధాన సంఖ్యా, సంయుక్త సంఖ్యా? ఇదీ గొడవ.

అసలు ఈ ప్రశ్న ఎందుకు పుట్టిందో చూద్దాం. 6ని నిశ్శేషంగా భాగించే చిన్న సంఖ్యలు 1, 2, 3. వాటిని కలిపితే మళ్లీ 6. అలాగే 28. ఇవి పరిపూర్ణ సంఖ్యలు. రెండు ఘాతంలోంచి ఒకటి తీస్తే ప్రధాన సంఖ్య వచ్చిన ప్రతిసారీ ఒక పరిపూర్ణ సంఖ్య దొరుకుతుందని యూక్లిడ్ ఎప్పుడో నిరూపించాడు. అందుకే వీటి కోసం అంత వేట.

1644లో ఫ్రాన్స్‌లో మారన్ మెర్సెన్ అనే క్రైస్తవ సన్యాసి 257వ ఘాతం దాకా ఒక జాబితా ఇచ్చాడు. అందులో 67 ఉంది. అంటే మన సంఖ్య ప్రధానమే అన్నాడన్నమాట. నిరూపణ మాత్రం ఇవ్వలేదు. అంత పెద్ద లెక్క చేత్తో సరిచూసేదెవరు? రెండు శతాబ్దాలు దాటినా ఆ మాట అలాగే ఉండిపోయింది.

1876లో ఎడువార్ లుకా అనే ఫ్రెంచి గణితవేత్త కారణాంకాలు వెతక్కుండానే తేల్చే పరీక్ష ఒకటి కనిపెట్టాడు. తర్వాత లేమర్ దాన్ని సులువు చేశాడు. ఆ రూపంలో చెప్తాను. 4తో మొదలుపెట్టండి. వర్గం చేసి, 2 తీసేసి, మన సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోండి. ఇలా 65 సార్లు. చివరికి సున్నా మిగిలితే ప్రధానం, లేకపోతే కాదు. మన సంఖ్యకి సున్నా రాదు! మెర్సెన్ మాట తప్పని లుకా తేల్చేశాడు.

విచిత్రం చూడండి. ఇది పగులుతుందని తెలిసింది, ఎక్కడ పగులుతుందో తెలియలేదు. అలా ఇంకో 27 ఏళ్లు.

1903 అక్టోబర్ 31. న్యూయార్క్‌లో అమెరికన్ మేథమెటికల్ సొసైటీ సమావేశం. ఫ్రాంక్ నెల్సన్ కోల్ లేచాడు. ఆయన ఒక్క మాట కూడా మాట్లాడకుండా బోర్డు మీద లెక్క చేసి కూర్చున్నాడనీ, సభ చప్పట్లు కొట్టిందనీ ఇ. టి. బెల్ తర్వాత రాశాడు. మూడేళ్ల ఆదివారాలు పట్టిందని కోల్ తనతో చెప్పినట్టు కూడా రాశాడు. ఈ ముచ్చట్లు బెల్ చెప్పినవి. లెక్క మాత్రం ఎవరైనా సరిచూసుకోవచ్చు:

19,37,07,721 × 7,61,83,82,57,287.

ఈ సంఖ్యని భాగించేది ఏదైనా సరే, 134తో భాగిస్తే 1 మిగలాలి. ఇలాంటి నియమాలతో వెతకాల్సిన చోటు తగ్గుతుంది. అయినా మొదటి కారణాంకమే 19 కోట్ల పైచిలుకు!

మెర్సెన్ జాబితాలో 257 కూడా తప్పేనని తర్వాత తేలింది. 61, 89, 107 ఉండాల్సినవి, లేవు.

గుణించడం తేలిక, విడగొట్టడం కష్టం. ఈరోజు ఇంటర్నెట్‌లో రహస్యాలు కాపాడే ఆర్‌ఎస్‌ఏ పద్ధతి ఈ తేడా మీదే నిలబడింది. నమ్మకం లేకపోతే ఒక కాగితం తీసుకుని పై రెండింటినీ గుణించి చూడండి. కోల్ ఏళ్ల తరబడి వెతికింది, మీరు ఓ అరగంటలో సరిచూసేస్తారు. ఉంటానండీ.