మైదానం లేని కాలేజీ, ఫారం-3 లేని బిడ్డ



ద్వారకా నగర్‌లో నేను డిగ్రీ చదివిన కాలేజీ మూడో అంతస్తులో ఉండేది. కింద బట్టల షాపు, పైన నీళ్ల ట్యాంకు. ఫీజు రసీదులో మాత్రం ‘గేమ్స్ ఫీజు’ అని ఒక వరుస ఉండేది. మా వాడలో కబడ్డీ కూతకు పేరున్నవాణ్ణి నేను. ఇంటర్ కాలేజియేట్ పోటీలకు మన టీమ్ ఎప్పుడు వెళ్తుంది సార్ అని అడిగితే, “చదువుకోడానికి వచ్చావా, ఆడుకోడానికి వచ్చావా?” అన్నారు. అందరితో పాటు నేనూ నవ్వేశాను. ఆ మాట ఖరీదెంతో ఉద్యోగాల వేటలో పడ్డాక తెలిసింది.

ఈ మెట్లు చూడండి. 1926లో పుట్టిన ఆంధ్రా యూనివర్సిటీ తన అనుబంధ కాలేజీల మధ్య పోటీలు పెడుతుంది. అందులో రాణించినవాళ్లు యూనివర్సిటీ జట్టులోకి, ఆ జట్టు అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్తుంది. అక్కడ ఆడినవాళ్లకు దక్కే కాగితమే ఫారం-3. 1980 నాటి కేంద్ర ఉత్తర్వుల ప్రకారం స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి అదొక అర్హత. అన్నిటికంటే కింది మెట్టు కాలేజీ టీమ్. ఆ మెట్టే లేకపోతే పై మెట్లు మనవి కావు. డబ్బున్న ఇంటి పిల్లాడు క్లబ్బుకో అకాడమీకో పోతాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో చేరిన వాడ బిడ్డ ఎక్కడికి పోవాలి?

ఆ పోటీలను పిల్లలాట అనుకోకండి. మన విశాఖ బిడ్డ జ్యోతి యర్రాజి, సెక్యూరిటీ గార్డు కూతురు. 2020 జనవరిలో మూడబిద్రిలో ఆచార్య నాగార్జున యూనివర్సిటీ తరఫున 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పరిగెత్తింది. 2002 నుంచి ఉన్న జాతీయ రికార్డు 13.38. అక్కడ డోపింగ్ పరీక్ష జరగనందున ఆ పరుగును రికార్డుగా ఒప్పుకోలేదు. 2022 మేలో సైప్రస్‌లో 13.23తో ఆ రికార్డును తన పేరు మీద రాయించుకుంది.

చిన్న కాలేజీలు ఏం చేయగలవు అంటారా? 1912లో అమెరికాలో హాంప్టన్, హోవార్డ్, లింకన్, షా, వర్జీనియా యూనియన్ అనే ఐదు విద్యాసంస్థలు కలిశాయి. అన్నీ నల్లవారి చదువు కోసం పెట్టినవే. దక్షిణాది తెల్ల కాలేజీలు వాళ్లతో ఆడేవి కావు. దాంతో ఆ ఐదూ సొంత క్రీడా సంఘం పెట్టుకుని, ఎవరు ఆడొచ్చో ఉమ్మడిగా నిబంధనలు రాసుకున్నాయి. 1946లో బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ మొదలుపెట్టాయి. ఆ సంఘం ఇప్పటికీ ఉంది. వెలివేసినవాళ్ల దయ కోసం అది ఎదురుచూడలేదు.

ద్వారకా నగర్‌లో ఒక్కో కాలేజీకి ఒక్కో మైదానం రాదని నాకూ తెలుసు. నాలుగు కాలేజీలు కలిసి వారానికి మూడు పూటలు ఒక మైదానం అద్దెకు తీసుకోలేవా? అందరికీ కలిపి ఒక పీడీ సారును పెట్టుకోలేవా? మనం కట్టిన గేమ్స్ ఫీజు ఉంది కదా!

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ రసీదు తీసి చూడండి. ఆ వరుస ఉంటే, ఆ డబ్బు దేనికి ఖర్చయిందో ప్రిన్సిపాల్‌ను రాతపూర్వకంగా అడగండి. ఒక్కరుగా కాదు, క్లాసు క్లాసంతా సంతకాలు పెట్టి అడగండి. నేను నవ్వేసి ఊరుకున్నాను. మీరు ఊరుకోకండి.

జై భీమ్.