గన్నేరు ఇంటిపేరు

తెనాలి, బాపట్ల, రేపల్లె ఒకే డెల్టాలోని ఊళ్ళే అయినా వాటి పెరళ్ళు ఒక్క తీరుగా ఉండవు. తెనాలిది నల్లరేగడి. బాపట్లది ఇసుక నేల. రేపల్లెది కృష్ణమ్మ తెచ్చిపోసిన ఒండ్రు, సముద్రం వైపు దిగేకొద్దీ ఉప్పు తగిలే నేల. 2022లో బాపట్ల, రేపల్లెలు కొత్త జిల్లాలోకి వెళ్ళి, తెనాలి గుంటూరులోనే మిగిలింది. ఋతువుకు మాత్రం జిల్లాల పట్టింపు లేదు. ఫాల్గుణం వచ్చేసరికి మూడు ఊళ్ళలోనూ మామిడి పిందె కడుతుంది, వేప పూతకు వస్తుంది, మల్లె మొగ్గ తొడుగుతుంది, తాటాకు చూరులో ఉడుత కళ్ళు తెరవని పిల్లల్ని పెట్టుకుంటుంది.

రాజులకు శాసనాలున్నాయి, గుళ్ళకు కైఫీయతులున్నాయి. మరి పెరటికి చరిత్ర ఏది? చెట్ల పేర్లే దాని శాసనాలని నాకనిపిస్తుంది.

ముందు నీటి సంగతి. 1832-33లో వచ్చిన నందన కరువులో గుంటూరు సీమ జనాభా అయిదు లక్షలలో దాదాపు రెండు లక్షల మంది పోయారని అంచనా. తాగే నీటికే దిక్కులేని ఏడాది పూలపాదుకు కడివెడు నీళ్ళు పోసేదెవరు? 1852-55 మధ్య బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట కట్టాక తెనాలి మీదుగా మూడు కాలువలు పారాయి. ఆ ఆనకట్ట 1952లో తెగితే, దాని స్థానంలో 1957 నాటికి ప్రకాశం బ్యారేజి వచ్చింది. ఇక బాపట్ల ఇసుకలో దొరువులు తవ్వి, పైపైనే ఊరే మంచినీటిని కడవలతో మొక్కలకు పోసేవారు. ఈ నీళ్ళ మీద పెరిగినవన్నీ ఇక్కడ పుట్టిన మొక్కలు కావు.

గన్నేరునే చూడండి. సంస్కృతంలో కరవీరమనే ఈ పూలచెట్టు మనకు ప్రాచీన పరిచయం. దాని సరసన దేవగన్నేరు ఉంది, దీని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. పచ్చగన్నేరూ అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చినదే. బిళ్ళగన్నేరు మడగాస్కరు ద్వీపానిది. ముగ్గురూ సముద్రం దాటి వచ్చిన పరదేశులు, ముగ్గురికీ ఒకే ఇంటిపేరు! మనకు ఇంటిపేరు ముందుంటుంది, వీటికి వెనక వచ్చింది, అంతే తేడా.

ఇందులో విశేషమేమంటే, ఈ నాలుగు మొక్కలూ వృక్షశాస్త్రం ప్రకారం నిజంగానే ఒక కుటుంబం. ఆ కుటుంబానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జుస్సియూ 1789లో అపోసైనేసీ అని నామకరణం చేశాడు. మనవాళ్ళు ఆకునూ పువ్వునూ చూసి చుట్టరికం పోల్చుకున్నారు.

ఇది కాకతాళీయమని కొట్టివేయడానికి లేదు. పోర్చుగీసువారు పదహారో శతాబ్దంలో బ్రెజిలు నుంచి తెచ్చిన చెట్టు బాపట్ల ఇసుకలో స్థిరపడింది. దానిని మనం జీడిమామిడి అన్నాం. అడవి జీడి, మామిడి, ఈ కొత్త చెట్టు, మూడూ ఒకే కుటుంబం. మెక్సికో నుంచి వచ్చిన సీమచింతకూ మన చింతకూ చిక్కుడు కుటుంబంలో బంధుత్వముంది. పెరటి గోడవార మొలిచే నేల ఉసిరి జానెడు మూలిక, ఉసిరి నిలువెత్తు చెట్టు. అయినా రెండూ ఒకే ప్రజాతి. బాపట్లలో 1945లో వ్యవసాయ కళాశాల వెలసి ఈ కుటుంబాలను పాఠంగా చెప్పడానికి ఎంతో ముందే, ఇళ్ళలో ఈ వర్గీకరణ నోటిమాటగా నడిచింది.

ఆ జ్ఞానం విలువను గుర్తించినవారిలో విలియం రాక్స్‌బరో ఒకడు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా వచ్చి, 1781 నుంచి గోదావరి సీమలోని సామర్లకోటలో తోట పెంచుతూ మొక్కలను చిత్రకారులచేత గీయించాడు. 1795లో అచ్చు మొదలైన ఆయన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో తెలుగు పేర్లూ ఎక్కాయి. సీమచింతకు శాస్త్రీయ నామం పెట్టింది కూడా ఆయనే.

పేరులో బంధుత్వమే కాదు, భద్రత కూడా ఉంది. గన్నేరు విషమని పల్లెటూళ్ళో తెలియనివారు లేరు. పచ్చగన్నేరు గింజా అదే తీరున గుండెను దెబ్బతీస్తుంది. ఇంటిపేరు వినగానే తల్లి బిడ్డను దూరంగా లాగేది. బిళ్ళగన్నేరుదీ ఊరికే నమలదగిన ఆకు కాదు. 1950ల చివర కెనడా, అమెరికా పరిశోధకులు దాని నుంచి వేరుచేయడం మొదలుపెట్టిన మందులలో విన్‌క్రిస్టిన్ ఒకటి. పిల్లల రక్త క్యాన్సరు చికిత్సలో అది నేటికీ ముఖ్యమైనది.

చైత్రంలో కూసే కోకిలకు పరభృతమని పేరు, అంటే పరులు పెంచినదని. కూ అని పాడేది నల్లని మగ పక్షి. మచ్చల ఆడ పక్షి కాకి గూటిలో గుడ్డు పెడుతుంది. వేసవి ముదిరాక వేపకొమ్మ మీద కాకి ఆ పిల్లకు మేత అందించడం చూస్తూంటాం. మన పెరడూ ఆ కాకిలాంటిదే, వచ్చిన పిల్లనల్లా సాకింది. కాకికి తెలియక జరిగేది మనవాళ్ళు తెలిసి చేశారు, పేరు పెట్టి మరీ.

ఇప్పుడు మూడు ఊళ్ళలోనూ పెరళ్ళు గచ్చులవుతున్నాయి, వాటి మీద అపార్టుమెంట్లు లేస్తున్నాయి. మొక్కలు పూర్తిగా పోలేదు, కుండీల్లోకి చేరాయి. నర్సరీలో బిళ్ళగన్నేరు వింకా అయింది, దేవగన్నేరు ప్లుమేరియా అయింది. కొత్త పేర్ల మీద నాకు ద్వేషం లేదు. కాని వింకా అన్నప్పుడు దాని చుట్టాలెవరో, దేనిని నోట పెట్టుకోరాదో ఆ పేరు చెప్పదు.

చదువరులకు ఒక విన్నపం. ఈ ఉగాదికి వేపపూత కోసే పెద్దవారు ఇంట్లో ఉంటే, వారికి తెలిసిన ప్రతి మొక్క పేరూ అడిగి, వారు పలికినట్టే రాసి ఉంచండి. ఏ గన్నేరును ముట్టుకోవద్దనేవారో కూడా అడగండి.