బొగ్గు లెక్క, బియ్యం లెక్క

2013లో ప్రణాళికా సంఘం విడుదల చేసిన పేదరికం పట్టికలో రాష్ట్రాలన్నిటికంటే పైన ఛత్తీస్‌గఢ్ ఉంది. 2011-12లో అక్కడ 39.93 శాతం మంది పేదలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 9.2 శాతమే. ఛత్తీస్‌గఢ్‌లో తిఫ్రా పారిశ్రామికవాడను ఆనుకున్న బిలాస్‌పూర్‌లోనే బొగ్గు సంస్థ ఎస్ఈసీఎల్, ఆగ్నేయ మధ్య రైల్వేల ప్రధాన కార్యాలయాలున్నాయి. పైగా పేద కుటుంబానికి నెలకు 35 కిలోల బియ్యాన్ని, కిలో రెండు రూపాయలకే ఇచ్చి మెప్పు పొందిన రాష్ట్రమది. మరి ఇంత పేదరికం ఎలా వచ్చింది?

మొదటి ఆధారం బొగ్గు. కోర్బా గనుల్లో తవ్విన బొగ్గు విలువ రాష్ట్ర స్థూలోత్పత్తిలో చేరుతుంది. అందులోంచి వచ్చిన లాభం ఎవరికి ముట్టిందో ఆ లెక్కలో ఉండదు. అదే ఇటుకబట్టీలకు వలసపోయే బిలాస్‌పురియా కూలీల కష్టమైతే పొరుగు రాష్ట్రాల ఉత్పత్తి కింద నమోదవుతుంది. జాతీయాదాయాన్ని చూసి జనం బాగోగులను అంచనా వేయలేమని ఆర్థికవేత్త సైమన్ కుజ్నెట్స్ 1934లోనే అమెరికా సెనేట్‌కిచ్చిన నివేదికలో హెచ్చరించారు.

రెండో ఆధారం బియ్యం. నాకు అసలు ముడి ఇక్కడే కనిపిస్తుంది. పేదరికం లెక్కకు ఆధారమైన అప్పటి ఖర్చు సర్వేలు రేషన్ బియ్యానికి ఇంటివాళ్లు చెల్లించిన ధరనే ఖర్చుగా రాసుకునేవి. 35 కిలోలకు 70 రూపాయలు. బజారులో కిలో 20 అనుకుంటే అదే బియ్యం 700. కుండలో ఉడికిన మిగతా 630 రూపాయల అన్నం లెక్కకు ఎక్కలేదు. ఆర్థికవేత్తలు జాన్ డ్రెజ్, రీతికా ఖేరా 2009-10 గణాంకాలతో ఆ విలువ కలిపి చూశారు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో పేదరికపు లోటు, అంటే పేదలు దారిద్ర్యరేఖ అనే గీతకు ఎంత దిగువన ఉన్నారన్న కొలత, 39-57 శాతం మేర తగ్గింది.

మూడో ఆధారం ఆ గీత స్వభావమే. తలల లెక్కకు లోతు తెలియదు. పస్తుల నుంచి రెండు పూటల తిండికి చేరినా, గీత దాటనంతవరకు ఆ మనిషి పేదే. ఈ లోపాన్ని అమర్త్యసేన్ 1976లోనే ఎత్తిచూపారు.

అలాగని 39.93 అబద్ధం కాదు. బియ్యం ఆకలిని తగ్గించింది కానీ చేతిలో డబ్బు పెట్టలేదు. బొగ్గు సంపదలో ఆ ఇళ్లకు దక్కాల్సిన వాటా దక్కలేదన్నది నిజం. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వేలో మాత్రం, ఉచితంగా అందిన సరుకులకూ విలువ కట్టి మరో అంచనాను విడిగా ప్రకటించారు.