టిక్కెట్టు అడగని చదువు

పోయిన వారం కార్యక్రమం అయిపోయాక మన శ్రోత ఒకాయన ఫోన్ చేశారు. "ఈ లండన్‌లో గడప దాటితే డబ్బేనండీ. పిల్లల్ని తీసుకుని శనివారం బయటికెళ్తే యాభై పౌన్లు ఎటు పోయాయో తెలీదు. డబ్బు లేకుండా నాలుగు మంచి మాటలు వినే చోటేదైనా ఉందా?" అని అడిగారు. ఉందండీ. నాలుగు వందల ఏళ్ళ పైనుంచి ఉంది. ఈ వారం ఆ కథే చెప్పుకుందాం.

ముందు నా సంగతి కొంచెం చెప్తాను. నేనీ ఊరొచ్చిన మొదటి చలికాలం మా ఆఫీసు హోబర్న్‌లో ఉండేది. మధ్యాహ్నం సాండ్‌విచ్ తిని, చలికి తట్టుకోలేక అటూ ఇటూ తిరిగేవాడిని. ఒకరోజు ఒక సన్నటి సందు మొదట్లో చిన్న బోర్డు కనిపించింది. కరెంటు ఎలా తయారవుతుంది, ముందు ముందు ఎలా తయారవ్వాలి అన్న విషయం మీద ఉపన్యాసం, ప్రవేశం ఉచితం అని రాసి ఉంది. లోపలికెళ్ళటానికి పది నిమిషాలు ఆలోచించాను. ఇది ఎవరికోసమో పెట్టినది, మనలాంటి వాళ్ళని పేరడుగుతారేమో, కార్డడుగుతారేమో అని. చివరికి చలే నన్ను లోపలికి తోసింది. ఎవరూ ఏమీ అడగలేదు. కుర్చీ చూపించారు, అంతే.

ఆ సందు పేరు బార్నార్డ్స్ ఇన్. ఆ సంస్థ పేరు గ్రెషమ్ కాలేజీ. కాలేజీ అంటే పరీక్షలు, ఫీజులు, డిగ్రీలు అనుకుంటాం కదా, అక్కడ అవేవీ లేవు. 1597 నుంచి దాని పని ఒక్కటే. చదువుకున్న వాళ్ళచేత వీధిలోంచి వచ్చిన వాళ్ళకి ఉచితంగా చెప్పించటం.

దీన్ని పెట్టించిన సర్ థామస్ గ్రెషమ్ పండితుడు కాదు, వ్యాపారి. ఎలిజబెత్ రాణికి అప్పులు పుట్టించి పెట్టిన మనిషి. లండన్ వర్తకులు వానలో వీధిలో నిలబడి బేరాలాడుకోవటం చూసి రాయల్ ఎక్స్ఛేంజి కట్టించాడు. ఆ భవనంలో కొట్లు పెట్టి అద్దెలకిచ్చాడు. 1579లో చనిపోయేముందు రాసిన వీలునామాలో ఒక ఏర్పాటు చేశాడు. తన భార్య తదనంతరం ఆ కొట్ల అద్దెలతో ఏడుగురు ప్రొఫెసర్లని పెట్టాలి, వాళ్ళు తన ఇంట్లోనే ఉంటూ రోజుకొకరు చొప్పున ఊరి జనానికి ఉపన్యాసాలు చెప్పాలి. ఖగోళం, గణితం, వైద్యం, న్యాయం, సంగీతం, వక్తృత్వం, మతం, ఇవీ ఏడు విషయాలు. ఒక్కొక్కరికీ ఏడాదికి 50 పౌన్లు జీతం. అంటే గమనించండి, వినేవాడికి ఉచితమే గానీ ఆ ఖర్చు ఎవరో ఒకరు పెట్టుకున్నారు. మన ఊళ్ళలో చెరువు తవ్వించిన వాడు, సత్రం కట్టించిన వాడు దాని పోషణకి కొంత మాన్యం రాసిపెట్టి పోయేవాడు చూడండి, అలాంటిదన్నమాట.

ఇంకో విశేషం భాష. ఆ రోజుల్లో చదువంటే లాటిన్. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి రెండే విశ్వవిద్యాలయాలు ఇంగ్లండులో. గ్రెషమ్ కాలేజీలో మాత్రం లాటిన్‌తో పాటు ఇంగ్లీషులోనూ చెప్పాలన్నారు. లాటిన్ రాని ఓడవాడు, కొట్టువాడు కూడా వచ్చి వినాలని. మొదటి గణిత ప్రొఫెసర్ హెన్రీ బ్రిగ్స్. 1614లో నేపియర్ లాగరిథమ్‌లు కనిపెట్టాడని తెలియగానే ఎడింబరోకి ప్రయాణం కట్టి, ఆయనతో కూర్చుని, ఆ లెక్కని పదితో సాగేలా సులువు చేశాడు. 1617లో మొదటి వెయ్యి అంకెలకి పట్టిక అచ్చు వేశాడు. సముద్రం మీద దారి లెక్క కట్టేవాళ్ళకి అది పెద్ద సాయం. మనం స్కూల్లో లాగ్ టేబుల్స్ తిరగేశామే, దాని మూలం అక్కడుంది.

1660 నవంబరు 28న ఇదే కాలేజీలో ఖగోళ ప్రొఫెసర్ క్రిస్టఫర్ రెన్ ఉపన్యాసం చెప్పాడు. తర్వాత సెయింట్ పాల్ కేథడ్రల్ కట్టింది ఆయనే. ఉపన్యాసం అయ్యాక పన్నెండు మంది ఇంటికి పోకుండా అక్కడే కూర్చుని, ఇలా తరచూ కలుద్దాం, ప్రయోగాలు చేసి చూద్దాం అనుకున్నారు. అదే రాయల్ సొసైటీ.

ఇంతవరకూ వింటే బ్రహ్మాండంగా ఉంది కదా. ఇప్పుడు అసలు సంగతి చెప్తాను. ఇంత గొప్ప ఏర్పాటూ తర్వాత ఎండిపోయింది. 1665లో గణిత ప్రొఫెసర్ అయిన రాబర్ట్ హుక్ మహా మేధావి. ఉపన్యాసానికి వెళ్తే వినేవాళ్ళే లేని రోజులున్నాయని తన డైరీలో రాసుకున్నాడు. పద్దెనిమిదో శతాబ్దానికొచ్చేసరికి చెప్పేవాళ్ళకీ శ్రద్ధ పోయింది. వినేవాళ్ళు రారు కనక చెప్పేవాళ్ళు సరిగ్గా చెప్పరు, సరిగ్గా చెప్పరు కనక వినేవాళ్ళు రారు. 1768లో గ్రెషమ్ ఇల్లు పడగొట్టి ఆ స్థలంలో పన్నుల ఆఫీసు కట్టారు. ఉపన్యాసాలని రాయల్ ఎక్స్ఛేంజిలో ఒక గదిలోకి మార్చారు.

దాని వల్ల ఏమైందో చూడండి. 1791లో లండన్‌లో ఒక పేద కమ్మరి ఇంట్లో మైకేల్ ఫారడే పుట్టాడు. పెద్ద చదువేమీ లేదు. పుస్తకాలు బైండింగ్ చేసే కొట్లో పనికి కుదిరాడు. బైండింగుకొచ్చిన పుస్తకాలే చదివి సైన్సు మీద ప్రేమ పెంచుకున్నాడు. 1810లో జాన్ టేటమ్ అనే ఆయన ఇంట్లో సాయంత్రాలు సైన్సు ఉపన్యాసాలు జరుగుతున్నాయని తెలిసింది. ఒక్కో దానికి ఒక షిల్లింగు. అన్న డబ్బిస్తే వెళ్ళి విన్నాడు. 1812లో కొట్టుకొచ్చే ఒక పెద్దమనిషి దయతలచి రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకి టిక్కెట్లు ఇచ్చాడు. ఫారడే పై వరసలో కూర్చుని ప్రతిమాటా రాసుకున్నాడు. ఆ కాగితాలు తనే బైండ్ చేసి డేవీకి పంపాడు. 1813 మార్చిలో డేవీ దగ్గర సహాయకుడిగా ఉద్యోగం దొరికింది. 1831లో ఆయన కనిపెట్టిన సూత్రం మీదే, అంటే అయస్కాంతం కదిలితే తీగలో కరెంటు పుడుతుందన్న దాని మీదే, ఈనాటికీ ప్రపంచంలో చాలా భాగం కరెంటు తయారవుతోంది. బొగ్గు గానీ, నీళ్ళు గానీ, గాలి గానీ, అణువు గానీ, చివర తిరిగేది ఫారడే చెప్పిన యంత్రమే.

ఇప్పుడు ఆలోచించండి. ఆ కుర్రాడు షిల్లింగు కోసం అన్న ముందు చెయ్యి చాచిన రోజుల్లో, అదే ఊళ్ళో, రెండు వందల ఏళ్ళ కిందటే పెట్టిన ఉచిత ఉపన్యాసాలు కాగితం మీద బతికే ఉన్నాయి. కానీ ఆయనకి దారి చూపించింది అవి కాదు. టిక్కెట్టు అడగకపోవటం ఒక్కటే చాలదు. లోపల ప్రాణం ఉండాలి. ఆ ప్రాణం పోసేది వెళ్ళి కూర్చునే మనుషులు.

ఇలాంటిదే మన దేశంలోనూ జరిగింది. రాయల్ ఇన్‌స్టిట్యూషన్ నమూనాలో 1876లో డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ కలకత్తాలో చందాలు పోగుచేసి ఒక విజ్ఞాన సంఘం పెట్టాడు. హాలు కట్టించాడు, ఉపన్యాసాలు ఏర్పాటు చేశాడు. కానీ అనుకున్నంత ఆదరణ లేదన్న బాధతోనే 1904లో కన్నుమూశాడు. 1907లో ప్రభుత్వ లెక్కల శాఖలో ఉద్యోగానికి వచ్చిన ఒక కుర్రాడు ట్రాములో పోతూ బౌబజార్ వీధిలో ఆ బోర్డు చూశాడు. దిగి తలుపు కొట్టాడు. అశుతోష్ డే అనే ఆయన తలుపు తీశాడు. ఆ కుర్రాడు సి.వి. రామన్. మన విశాఖపట్నంలో సెయింట్ అలోషియస్ స్కూల్లో చదివి పదకొండేళ్ళకే మెట్రిక్ పాసైన రామన్. పొద్దున్నా సాయంత్రం ఆఫీసు వేళలు కాని సమయంలో అక్కడ పనిచేసి, తనే జనానికి ఉపన్యాసాలూ ఇచ్చి, 1928లో రామన్ ఎఫెక్టు కనిపెట్టింది ఆ చోటనే. తలుపు తీసిన అశుతోష్ డే పాతికేళ్ళు ఆయనకి సహాయకుడిగా ఉన్నాడు. సర్కార్ కట్టిన హాలు రామన్ కోసం ఎదురు చూసిందనాలి.

మళ్ళీ లండన్‌కి వద్దాం. 1859 జూన్ 10న రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో జాన్ టిండాల్ ఉపన్యాసం. సభకి రాణిగారి భర్త ఆల్బర్ట్ అధ్యక్షుడు. గాలిలో ఎక్కువ భాగమైన నైట్రోజన్, ఆక్సిజన్ వేడిని అడ్డుకోవు గానీ, కొన్ని వాయువులు అడ్డుకుంటాయని టిండాల్ ప్రయోగం చేసి చూపించాడు. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ అలాంటివేనని తర్వాత రెండేళ్ళలో కొలిచి చెప్పాడు. అంతకు మూడేళ్ళ ముందే, 1856లో, అమెరికాలో యూనిస్ ఫుట్ అనే ఆవిడ కార్బన్ డయాక్సైడ్ ఎండకి ఎక్కువ వేడెక్కుతుందని చూపించింది. ఆవిడ పేపరుని సభలో ఇంకొకరు చదివారు. ఈనాడు దేశాధినేతలు కూర్చుని బొగ్గు ఎంత తగ్గించాలి, ఎవరు ముందు తగ్గించాలి అని వాదించుకుంటున్నారే, ఆ వాదనకి పునాది అలాంటి సభల్లో పడింది.

గ్రెషమ్ కాలేజీ కూడా మళ్ళీ కోలుకుంది. 1843లో కొత్త భవనం వచ్చింది. 1991 నుంచి నేను చెప్పిన ఆ హోబర్న్ సందులో ఉంది. పాత ఏడు పీఠాలకి వ్యాపారం, పర్యావరణం, సమాచార సాంకేతికత తోడయ్యాయి. పర్యావరణ పీఠం 2014లో వచ్చింది. వేల కొద్దీ ఉపన్యాసాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. మాంచెస్టర్‌లో ఉన్నవాళ్ళూ, మలేషియాలో ఉన్నవాళ్ళూ కూడా వినొచ్చు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో కూడా ప్రపంచ రాజకీయాలు, ఆర్థిక విధానాల మీద అందరికీ ఉచిత ఉపన్యాసాలు జరుగుతుంటాయి. కొన్నిటికి ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, అంతే. రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఎక్కువ వాటికి టిక్కెట్టు ఉంటుంది, చూసుకుని వెళ్ళండి.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. నేను మొదటిసారి వెళ్ళిన రోజున నాకొక ప్రశ్న వచ్చింది. గాలి వీచని రోజున గాలిమరల కరెంటుకి బదులు ఎక్కణ్ణుంచి తెస్తారు అని. నా ఇంగ్లీషు యాస గుర్తొచ్చి చెయ్యెత్తలేదు. రెండు నిమిషాలయ్యాక ముందు వరసలో ఒకావిడ అదే ప్రశ్న అడిగింది. ప్రొఫెసర్ చాలా మంచి ప్రశ్న అని పావుగంట జవాబు చెప్పాడు. ఆ పావుగంటా నేను జవాబు వినలేదు, నన్ను నేను తిట్టుకుంటూ కూర్చున్నాను.

మొన్న మా అమ్మాయి టిండాల్ కథ విని, "1859లోనే తెలిస్తే ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నారు నాన్నా?" అని అడిగింది. నాకు తెలిసింది చెప్పాను గానీ దానికి నచ్చలేదు. వచ్చే నెల పర్యావరణం మీద ఉపన్యాసం ఉంది, ఇద్దరికీ పేర్లు రాయించాను. అక్కడ చెయ్యెత్తి అడుగమ్మా అన్నాను. "మరి నువ్వు?" అంది. నేనూ అడుగుతాను అని మాటిచ్చాను. అందరి ముందూ ఈ రేడియోలో చెప్పేశాను కనక ఇక తప్పించుకోలేను.

మీరూ రండి, పిల్లల్ని తీసుకురండి. కుర్చీలు ఖాళీగా ఉంటే ఏమవుతుందో ఇందాకే చెప్పుకున్నాం. వచ్చే వారం కలుద్దాం. సెలవు.