ఉప్పు వేలం నుంచి స్కిన్ల సేల్ దాకా: కృత్రిమ కొరతపై కలకత్తా పాఠం

బీటెక్ మూడో సంవత్సరంలో ఉన్నప్పుడు మెస్ డబ్బుల్లోంచి తీసి ఒక మొబైల్ గేమ్‌లో డ్రెస్ కొన్నాను. తెర మీద టైమర్ తిరుగుతోంది, కింద "మళ్లీ రాదు" అని రాసి ఉంది. నాలుగు నెలలకి అదే డ్రెస్ మళ్లీ అమ్మకానికి వచ్చింది. దాన్ని వేసుకుంటే ఆటలో బలమేమీ పెరగదు. అది కేవలం ఒక ఫైల్. ఒకరికి ఇచ్చినా కోటి మందికి ఇచ్చినా తయారీ ఖర్చు దాదాపు ఒకటే. మరి కొరత ఎక్కడి నుంచి వచ్చింది? అమ్మేవాడే పుట్టించాడు.

ఎథిక్స్ పేపర్లో ఇలాంటి ప్రశ్న వస్తే "కంపెనీల దురాశ" అని రాసి వదిలేయకండి. చరిత్ర నుంచి ఒక ఉదాహరణ తోడైతే సమాధానానికి బరువు వస్తుంది. అందుకు కలకత్తా ఉప్పు వేలం బాగా సరిపోతుంది.

కలకత్తాలో ఏం జరిగింది?

1765లో క్లైవ్ కంపెనీ ఉద్యోగులతో ఒక వ్యాపార సంఘం పెట్టి ఉప్పు, వక్క, పొగాకు వ్యాపారాన్ని దానికి అప్పగించాడు. లండన్ డైరెక్టర్లు ఒప్పుకోకపోవడంతో 1768లో అది రద్దయింది. కానీ 1772లో వారెన్ హేస్టింగ్స్ ఉప్పును నేరుగా కంపెనీ అధీనంలోకి తెచ్చాడు. 1780లో ఏజెన్సీ పద్ధతి వచ్చింది. హిజ్లీ, తమ్లుక్ తీరాల్లో ఉప్పునీటిని కాచే మలంగీలకు అడ్వాన్సు ఇచ్చేవారు. వాళ్లు తీసిన ఉప్పంతా కంపెనీకే అప్పగించాలి. 1788లో కార్న్‌వాలిస్ హయాంలో ఆ ఉప్పును కలకత్తాలో టోకు వ్యాపారులకు వేలం వేయడం మొదలైంది.

కిటుకు ఇక్కడే ఉంది. వేలంలో ధరను కొనేవాళ్లే నిర్ణయించినట్టు కనిపిస్తుంది. కానీ ఎంత ఉప్పు వేలానికి రావాలో నిర్ణయించేది కంపెనీ. సరఫరా బిగిస్తే ధర దానంతటదే పెరుగుతుంది. బెంగాల్ మణుగు (మన మణుగు కాదు, సుమారు 37 కిలోలు) టోకు ధర రూపాయింపావు నుంచి దాదాపు 4 రూపాయలకు చేరింది. పెద్ద మొత్తాల్లో కొనగలిగింది డబ్బున్న వర్తకులు మాత్రమే. చివరి భారం పల్లెలో గంజిలో ఉప్పు వేసుకునే కూలీ మీద పడింది.

1830ల మొదట్లో ఇంగ్లండ్‌లో ఉన్న రామ్మోహన్ రాయ్ పార్లమెంటు కమిటీకి ఇచ్చిన జవాబుల్లో ఈ ఉప్పు ధర సంగతి ఎత్తారు. 1836లో పార్లమెంటు సెలెక్ట్ కమిటీ విచారణ తర్వాత వేలం పోయి నిర్ణీత ధర వచ్చింది. ఇది పేదల మీద జాలితో మాత్రమే జరగలేదు. బెంగాల్ మార్కెట్ కోసం చూస్తున్న చెషైర్ ఉప్పు ఉత్పత్తిదారుల ఒత్తిడి కూడా పనిచేసింది.

నల్లమందు విషయంలోనూ కంపెనీ మొదట ఉత్పత్తి తక్కువగా ఉంచి, కలకత్తా వేలంలో ఎక్కువ ధర రాబట్టింది. మాల్వా నల్లమందు పోటీకి వచ్చాక ఆ విధానం వదిలి ఉత్పత్తి పెంచింది. అంటే కృత్రిమ కొరత గుత్తాధిపత్యం ఉన్నంతవరకే నిలుస్తుంది. గేమ్ లోపల మాత్రం ఏ మాల్వా లేదు. ఆ గేమ్ స్కిన్‌ను ఆ కంపెనీయే అమ్మాలి.

పోలిక ఎంతవరకు?

ఉప్పు లేకుండా బతకలేం, స్కిన్ లేకుండా హాయిగా బతుకుతాం. ఈ తేడా రాయకపోతే మీ సమాధానం ఏకపక్షం అవుతుంది. ఒక చిత్రకారుడు వంద ప్రింట్లే వేస్తానని చెప్పి, మాట మీద నిలబడితే అది మోసం కాదు. అందుకే నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను.

1. వస్తువు అత్యవసరమా? అయితే కొరత సృష్టించడమే తప్పు. ఉప్పు విషయం ఇక్కడే తేలిపోతుంది.
2. కొరత గురించి చెప్పింది నిజమా? "మళ్లీ రాదు" అని చెప్పి మళ్లీ అమ్మితే అది అబద్ధం. వస్తువు విలాసమైనంత మాత్రాన అబద్ధం ఒప్పు కాదు.
3. కొనేవాడు ఆలోచించుకోగలడా? పన్నెండేళ్ల పిల్లవాడి ముందు టైమర్ పెట్టడం, వర్తకుడిని వేలానికి పిలవడం ఒకటి కావు.

చట్టం కూడా ఇటువైపు కదులుతోంది. 2018లో బెల్జియం గేమింగ్ కమిషన్ కొన్ని గేముల్లోని లూట్ బాక్సులను జూదంగా తేల్చింది. మన దేశంలో 2023 నవంబర్ 30న నోటిఫై అయిన డార్క్ ప్యాటర్న్‌ల మార్గదర్శకాల్లో 13 రకాలున్నాయి. వాటిలో మొదటిదే తప్పుడు తొందర పెట్టడం. లేని కొరత చూపించడం దాని కిందకే వస్తుంది.

నా డ్రెస్ డబ్బులు పోయినందుకు బాధ లేదు. ఆ టైమర్ నిజం చెప్పి ఉంటే అది నా సరదా ఖర్చు అయ్యేది. అబద్ధం చెప్పింది కాబట్టి అది నేను ఒప్పుకోకుండా కట్టిన పన్ను అయింది. కలకత్తా వేలం వెనుక ఉన్నదీ అలాంటి పన్నే. కాకపోతే అక్కడ కట్టినవాడికి కట్టకుండా ఉండే దారే లేదు.

సాధన ప్రశ్న: "కొనేవాడి సమ్మతి ఉన్నంత మాత్రాన అమ్మకం నైతికం అవుతుందా?" 150 పదాల్లో రాయండి. ఉప్పు, స్కిన్ రెండూ వాడండి, కానీ రెండింటినీ ఒకే గాటన కట్టకండి.