కవరు వెనక అడ్రసు

1978లో లండన్ యువకుడు డేనియల్ మిల్లర్ సెకండ్ హ్యాండ్‌లో కొన్న కోర్గ్ సింథసైజర్‌నీ, నాలుగు ట్రాకుల టీయాక్ టేప్ రికార్డర్‌నీ ముందేసుకుని ఇంట్లోనే రెండు పాటలు రికార్డు చేశాడు. పాడిందీ వాయించిందీ తనే. ‘ద నార్మల్’ అని పేరు పెట్టుకుని ‘టి.వి.ఒ.డి.’, ‘వార్మ్ లెదరెట్’ అనే ఆ పాటల్ని చిన్న రికార్డుకు చెరో వైపు వేయించాడు. లేబుల్ పేరు మ్యూట్. అప్పటికి కంపెనీ పెట్టే ఉద్దేశం ఆయనకు లేదు. కవరు వెనక మాత్రం ఇంటి అడ్రసు అచ్చువేయించాడు.

కొన్నాళ్లకే ఆ అడ్రసుకు పోస్టులో కొత్త సంగీతకారుల డెమో క్యాసెట్లు రావడం మొదలైంది.

గిటార్ బృందాల లోకంలో డెమో అంటే నమూనా. కంపెనీకి నచ్చితే బృందాన్ని పెద్ద స్టూడియోకు పిలిపించి, ఇంజనీరునూ నిర్మాతనూ కూర్చోబెట్టి, అదే పాటను మొదటినుంచీ మళ్లీ రికార్డు చేయించేవాళ్లు. సింథసైజర్‌తో ఆ లెక్క మారింది. దాని ధ్వని తీగ గుండా నేరుగా టేపులోకి పోతుంది. గొంతుకు తప్ప మైకు అక్కర్లేదు, చప్పుడు చొరబడని గది అక్కర్లేదు. వీధిలో కుక్క మొరిగినా టేపుకెక్కదు. ఇంట్లో తయారైన టేపే అసలు రికార్డు కావచ్చన్నమాట. అదే ఏడాది షెఫీల్డ్‌లో హ్యూమన్ లీగ్ కుర్రాళ్లు పాడుబడిన కార్ఖానాలో, మామూలు టేప్ రికార్డర్ మీద ‘బీయింగ్ బాయిల్డ్’ చేశారు. ఒక స్నేహితుడి ద్వారా ఆ డెమో ఎడిన్‌బరోలో ఫాస్ట్ ప్రొడక్ట్ లేబుల్ నడిపే బాబ్ లాస్ట్‌కు చేరింది. మళ్లీ రికార్డు చేయించే పని పెట్టుకోకుండా ఆయన దాన్నే విడుదల చేశాడు.

మిల్లర్‌కు చేరిన డెమోల్లో ఒకటి ఫ్రాంక్ టోవీది. ‘ఫ్యాడ్ గాడ్జెట్’ పేరుతో 1979లో అది మ్యూట్ రెండో రికార్డుకు దారి తీసింది. ఒక్కడి ఇంటి అడ్రసు లేబుల్‌గా మారింది అప్పుడే.

అదే సంవత్సరం జపాన్ కంపెనీ టీయాక్, టాస్కామ్ పేరుతో పోర్టాస్టూడియో 144ను తెచ్చింది. మామూలు క్యాసెట్‌లో ఒక వైపు రెండు ట్రాకులు, తిప్పేస్తే ఇంకో రెండు. ఈ పెట్టె ఆ నాలుగింటినీ ఒకే దిశలో వాడుకునేది. పైగా టేపు రెట్టింపు వేగంతో తిరిగేది కాబట్టి గంట క్యాసెట్‌లో పట్టేది పదిహేను నిమిషాలే. ఒక ట్రాకులో డ్రమ్ మెషీన్, ఒకదాంట్లో బేస్, ఒకదాంట్లో బాణీ, మిగిలినదాంట్లో గొంతు. అంతకు మించి కావాలంటే మూడు ట్రాకుల్ని కలిపి నాలుగోదాంట్లోకి ఎక్కించి, ఖాళీ అయిన మూడింటినీ మళ్లీ వాడుకోవాలి. కలిపాక విడదీయడం కుదరదు. బేస్ ఎక్కువైందని తర్వాత తెలిసినా చేసేదేం లేదు. చివరికి అంతా ఇంకో టేపులోకి దించి, దాని నుంచి లేబుల్‌కో కాపీ తీయాలి. కాపీ కాపీకీ సన్నటి ‘స్స్’ చప్పుడు పెరిగేది. లేబుల్ ఆఫీసులో పాట కన్నా ముందు వినిపించేది అదే.

అందుకే కొందరు పోస్టును నమ్ముకోలేదు. 1980లో బాసిల్డన్ కుర్రాళ్లు విన్స్ క్లార్క్, డేవ్ గాన్ తమ డెమో పట్టుకుని లండన్‌లో లేబుల్ తర్వాత లేబుల్ తిరిగారు. రఫ్ ట్రేడ్‌లో తమకు సరిపడదన్నారు. ఆ రోజు అక్కడే ఉన్న మిల్లర్ కూడా పట్టించుకోలేదు. కొన్నాళ్లకు క్యానింగ్ టౌన్‌లోని బ్రిడ్జ్ హౌస్ పబ్బులో ఫ్యాడ్ గాడ్జెట్ కన్నా ముందు వేదికెక్కిన ఆ బృందాన్ని విన్నాక మనసు మార్చుకున్నాడు. వాళ్లే డిపెష్ మోడ్. కాగితం మీద ఒప్పందం లేకుండా, నోటి మాట మీదే 1981లో వాళ్ల మొదటి రికార్డు మ్యూట్ నుంచి వచ్చింది. అదే చెవి, అవే పాటలు; టేపు చేయలేని పని వేదిక చేసింది.

షికాగోలో దారి ఇంకోలా ఉంది. బేస్ గిటార్‌కు బదులుగా రోలాండ్ తెచ్చిన టీబీ-303ని కొనేవాళ్లు లేక 1984లో ఆపేశారు. అది సెకండ్ హ్యాండ్‌లో కారుచౌకగా దొరికేది. దాని మీటలు అటూ ఇటూ తిప్పుతూ డీజే పియెర్, స్పాంకీ, హెర్బ్ జె అనే ముగ్గురు వింతగా మెలికలు తిరిగే ధ్వనిని పట్టుకున్నారు. టేపును లేబుల్‌కు పంపలేదు, మ్యూజిక్ బాక్స్ క్లబ్బు డీజే రాన్ హార్డీ చేతికిచ్చారు. ఆయన ఒకే రాత్రి దాన్ని నాలుగుసార్లు వేశాడట. మొదటిసారి జనం ఆట ఆపేసి పక్కకు తప్పుకున్నారు, నాలుగోసారికి ఊగిపోయారు. పేరు లేని ఆ పాటను జనమే రాన్ హార్డీ ‘యాసిడ్’ ట్రాక్ అన్నారు. 1987లో ట్రాక్స్ రికార్డ్స్ దాన్ని ‘యాసిడ్ ట్రాక్స్’గా విడుదల చేసేనాటికే వినేవాళ్లు సిద్ధంగా ఉన్నారు.

ఇదే టీబీ-303తో 1982లోనే బొంబాయి సినీ సంగీతకారుడు ఛరణ్‌జిత్ సింగ్ డిస్కో దరువు మీద పది రాగాలు వాయించి రికార్డు చేశాడు. అందులోని భూపాలీ, మాల్కౌంస్‌లనే మనం మోహన, హిందోళం అంటాం. అప్పట్లో అది పెద్దగా అమ్ముడుపోలేదు. 2010లో నెదర్లాండ్స్ లేబుల్ ఒకటి మళ్లీ విడుదల చేశాకే బయటి ప్రపంచం దాన్ని విన్నది.

డెమోను చేతికిచ్చే పద్ధతి తర్వాతా సాగింది. 1993లో పారిస్ దగ్గర యూరోడిస్నీలో జరిగిన ఒక రేవ్ డ్యాన్స్ పార్టీలో థామస్ బంగల్టర్, గీ-మాన్యుయెల్ ద ఓమెమ్-క్రిస్టో తమ డెమోను స్టువర్ట్ మెక్‌మిలన్ చేతికిచ్చారు. గ్లాస్గోలోని సోమా లేబుల్ స్థాపకుల్లో ఆయనొకడు. మరుసటి ఏడాది ఈ ఇద్దరి బృందం డాఫ్ట్ పంక్ మొదటి రికార్డు ‘ద న్యూ వేవ్’ సోమా నుంచి వచ్చింది. తర్వాత వర్జిన్ లాంటి పెద్ద కంపెనీలో చేరాక కూడా వాళ్లు ఖరీదైన స్టూడియో వెతుక్కోలేదు. 1997 నాటి ఆల్బమ్‌ను బంగల్టర్ పడకగదిలోనే తయారుచేసి, ‘హోంవర్క్’ అని పేరు పెట్టారు.

2007లో బెర్లిన్‌లో, పాటల్ని ఇంటర్నెట్‌లో వినిపించే సౌండ్‌క్లౌడ్ సంస్థ మొదలయ్యాక క్యాసెట్, సీడీ, స్టాంపుల ఖర్చు పోయింది. లింకు పంపితే చాలు. పోస్టులో పోయిన టేపును కవరులోంచి తీశారో లేదో కూడా తెలిసేది కాదు. లింకు పక్కన మాత్రం ఎన్నిసార్లు విన్నారో అంకె కనిపిస్తుంది. పంపినవాళ్లు రాత్రిళ్లు మళ్లీ మళ్లీ తెరిచి ఆ అంకెనే చూసుకుంటారు.