ఇంటిపేరు లేని పూర్వీకులు: ఒప్పంద కూలీల నమోదు పత్రాలు

మారిషస్, నేటాల్, ఫిజీలకు ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువారి వారసులు నేడు తమ పూర్వీకుల ఊళ్ల కోసం వెతుకుతున్నారు. చాలామంది దగ్గర ఉన్న ఆధారం ఒక పొట్టి పేరు మాత్రమే: అప్పడు, వెంకన్న, సుబ్బి. మారిషస్‌లోని భారత సంతతికి ఏడో తరం వరకు విదేశీ భారత పౌరసత్వ కార్డు ఇస్తామని 2024లో ప్రకటన వెలువడింది. దాంతో అక్కడివారికి ఈ వెతుకులాట కాగితాల అవసరంగా కూడా మారింది.

పేరుతోనే మొదలుపెడదాం. మన పల్లెల్లో పేరు పిలిచేవారిని బట్టి మారుతుంది. వెంకటేశ్వర్లు తల్లికి వెంకడు, ఈడువారికి వెంకన్న, చిన్నవారికి వెంకయ్య. కామందు నోట ఆ పేరు చివర ‘గాడు’ చేరేది. అయితే పత్రంలో ‘వెంకడు’ అని ఉంటే అది వెంకటేశ్వర్లుకు కుదింపేనని తీర్మానించరాదు. తల్లిదండ్రులు పెట్టిన పూర్తి పేరే అది కావచ్చు. ఐర్లండ్ నుంచి అమెరికా వెళ్లిన స్త్రీలలో బ్రిడ్జెట్‌లు బిడ్డీలుగా, డీలియాలుగా మారారు. కాని వారికి ఇంటిపేరు, చర్చి జ్ఞానస్నాన పుస్తకం తోడున్నాయి. మన కూలీల పత్రాల్లో ఇంటిపేరుకు గడే లేదు. దక్షిణాఫ్రికాలో తొలి వలసదారుని ఒంటి పేరే మనుమలకు ఇంటిపేరుగా స్థిరపడిన కుటుంబాలున్నాయి.

అందుచేత పేరుకన్నా సంఖ్య ముఖ్యం. ‘ట్రూరో’ నౌక 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 వరకు నేటాల్‌కు సుమారు 1,52,000 మంది వచ్చారు. ఒక్కొక్కరికి ఒక సంఖ్య ఇచ్చి, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, ఠాణా, గ్రామం, ఒంటిపై గుర్తులు నమోదు చేశారు. పది మంది అప్పన్నలను వేరుచేసేది ఆ సంఖ్య, తండ్రి పేరు, ఒక్కోసారి మోకాలి మీది మచ్చ. మారిషస్ పత్రాలు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నాయి.

ఊరి పేరు దొరికినా పని పూర్తికాదు. ఉదాహరణకు ‘గ్రామం: మైలవరం’ అని ఉందనుకుందాం. మామిడి తోటల నూజివీడు ప్రాంతంలో ఒక మైలవరం ఉంది, కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర మరొకటి ఉంది. జిల్లా గడిలో ‘కిస్ట్నా’ అని ఉంటే మొదటిది. ఆ జిల్లా 1859లో ఏర్పడింది. 1904లో గుంటూరు విడిపోయేదాకా నేటి గుంటూరు ప్రాంతపు గ్రామాలకూ అదే జిల్లా పేరు రాశారు. ఈ మైలవరం 2022 నుంచి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉంది. దరఖాస్తుదారు పాత, కొత్త జిల్లాల పేర్లు రెండూ రాయడం మంచిది.

ఊరు నిర్ధారణ అయ్యాక భూమి లెక్కలు చూడాలనిపిస్తుంది. సొంత సేద్యం లేని కూలి మనిషి పేరు వాటిలో దొరకడం అరుదు. పైగా మైలవరం జమీందారీ గ్రామం. ఇక్కడ వృద్ధుల జ్ఞాపకాలు, పెళ్లిళ్లలో చెప్పుకునే వంశక్రమం ఎక్కువ ఉపయోగపడతాయి. ‘అన్న ఓడెక్కాడు, తిరిగి రాలేదు’ అన్న మాట ఏ ఇంటిలో మిగిలిందో, ఆ ఇంటిలో తండ్రి పేరు పత్రంతో సరిపోతుందేమో చూడాలి.

రంగూన్ వెళ్లినవారి విషయంలో ఈ మాత్రం వీలూ లేదు. కోస్తా రేవుల నుంచి మేస్త్రీల వెంట ఓడ ఎక్కినవారికి నేటాల్ తరహా సంఖ్యలు ఇవ్వలేదు. సుబ్బడు ఏ ఊరివాడో మేస్త్రీకి తెలుసు, కాని ఆ మేస్త్రీ పేరు కూడా మనకు ముక్కగానే దొరుకుతుంది.